పెన్సిల్‌తో ఇంటూ మార్కు

చిరంజీవి బుజ్జికి,

అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు గచ్చిబౌలి ఉద్యోగం మానేసి ఫైనాన్షియల్ ప్లానింగ్‌లో పీజీ చేస్తానంటున్నావట. "ముప్పై ఏళ్లు బ్యాంకులో చేసినదానివి, దాని సంగతేంటో నువ్వే చూడక్కా" అన్నాడు. వాడి గొంతులో కంగారు. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది, ఫోన్ పెట్టేశాక భయం వేసింది. మనింట్లో డబ్బు గురించి చదువుకుంటానన్న మొదటి పిల్లవి నువ్వు. నేను బ్యాంకులో చేరింది డబ్బంటే ఇష్టమై కాదు, పరీక్ష పాసయ్యాను కాబట్టి.

మామూలు సంగతులు ముందు కానిచ్చేస్తాను. సిలబస్‌లో ఇన్సూరెన్స్, టాక్స్, రిటైర్మెంట్, వీలునామాలు ఉన్నాయో లేదో చూడు. షేర్లొక్కటే నేర్పే చోట చేరకు. సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) పరీక్షలు చదువుతుండగానే రాసెయ్యి, తర్వాత బద్ధకిస్తావు. అయితే సీఎఫ్‌పీ వచ్చినంత మాత్రాన పెట్టుబడి సలహాకు ఫీజు పుచ్చుకోవడం కుదరదు. షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా రిజిస్టర్ కావాలి, దానికి సెబీ పెట్టిన సంస్థే అయిన ఎన్‌ఐఎస్‌ఎం వాళ్ల టెన్-ఏ, టెన్-బీ పరీక్షలుంటాయి. ఆ సర్టిఫికెట్లకు గడువు మూడేళ్లే, డైరీలో రాసుకో. లోన్ తీసుకుంటే, చదువుకునే రోజుల్లో కట్టక్కర్లేదన్నారు కదా అని ఊరుకోకు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 8 లక్షలకు 10 శాతమంటే నెలకు 6,600 పైమాటే. దాచుకున్న జీతంలోంచి ఆ వడ్డీ వరకైనా కట్టుకుంటూ రా.

ఇక అసలు మాట. కాలేజీ వాళ్లను ఎంత ప్యాకేజీ ఇప్పిస్తారని అడగకు. పోయినేడు పాసైన పిల్లలు ఏ పేరుతో ఉద్యోగాల్లో చేరారో అడుగు. రిలేషన్‌షిప్ మేనేజర్, వెల్త్ మేనేజర్ అంటే, వాళ్లకు నెలనెలా టార్గెట్ ఉందా అని అడుగు. నసిగితే అర్థం చేసుకో. ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో మీ నాన్నకు కూడా తెలీదు.

2007 జూలై. సిటీలోనే ఒక బ్రాంచిలో ఆఫీసర్‌ని. అప్పుడు బ్యాంకులన్నీ యూలిప్ పాలసీలు అమ్ముతున్నాయి. అంటే కట్టిన ప్రీమియంలో కొంత బీమాకు పోయి, మిగతాది మార్కెట్‌లో పెట్టే పాలసీలు. రోజూ సాయంత్రం ఐదింటికి పైనుంచి ఫోను, "ఈ రోజు ఎన్ని?" అని. మా బ్రాంచిలో ఒక లెక్కల మాస్టారి ఖాతా ఉండేది. ఆ ఏడే రిటైరయ్యారు. గ్రాట్యుటీ, జీపీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్) డబ్బులు వచ్చాయి. ఇంటిపైన రెండు గదులు వేసి అద్దెకిచ్చుకుందామని ఆయన ఆలోచన. మేస్త్రీ దొరికేదాకా ఒక ఏడాది ఫిక్సెడ్ వేద్దామని 3 లక్షల చెక్కు పట్టుకొచ్చారు.

నేను ఫిక్సెడ్ ఫారం ఇవ్వలేదు. యూలిప్ ఫారం తీసి, సంతకాలు కావాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ మార్కులు పెట్టి, ఆయన ముందు పెట్టాను. "దీంట్లో ఇంకా బాగా పెరుగుతుంది మాస్టారూ" అన్నాను. మార్కు ఉన్న చోటల్లా, గుండ్రటి అక్షరాలతో, పరీక్ష పేపర్లు దిద్దే మనిషిలాగే నెమ్మదిగా సంతకం పెట్టారు. ప్రతి ఏడూ 3 లక్షలు కట్టాలని నేను చెప్పలేదు. నెలకు తొమ్మిది వేల చిల్లర పెన్షన్ వచ్చే మనిషి వార్షికాదాయం దగ్గర 6 లక్షలని రాసింది నేనే, నా చేత్తో. బాండు ఇంటికొచ్చాక నచ్చకపోతే 15 రోజుల్లో వెనక్కివ్వొచ్చు (ఇప్పుడైతే 30 రోజులు). ఆ ముక్క చెప్పకపోగా, "భద్రంగా బీరువాలో పెట్టుకోండి" అన్నాను. ఆయన కవరు కూడా విప్పకుండా బీరువాలో పెట్టారు.

2008 నవంబరులో వచ్చారు. రెండో ప్రీమియం కట్టలేదు కాబట్టి పాలసీ ల్యాప్స్ అయిందని ఉత్తరం. మార్కెట్ కుప్పకూలిన రోజులు. విలువ 1,20,000 చిల్లర, అదీ మూడేళ్లు నిండితే గాని చేతికి రాదు. నేను తడుముకోకుండా "మార్కెట్ పడింది కదా మాస్టారూ" అన్నాను. ఆయన కౌంటర్ మీది పే-ఇన్ స్లిప్పు ఒకటి తీసుకుని, వెనకవైపు లెక్క వేసి నా వైపు తిప్పారు. "ఈ డెబ్బై ఐదు వేలు కట్టిన రోజే పోయాయమ్మా. ఆ రోజు మార్కెట్ పడలేదుగా?"

అది అలొకేషన్ చార్జీ, మార్కెట్‌లో పెట్టకముందే ప్రీమియంలోంచి కోసుకునేది, 25 శాతం. అందులో బ్యాంకుకు ఎంత కమిషన్ వచ్చిందో కూడా నాకు తెలుసు. నోరు మెదపలేదు. బీమా రెగ్యులేటర్ ఆఫీసు అప్పుడు బషీర్‌బాగ్‌లోనే, పరిశ్రమ భవన్‌లో ఉండేది. బ్రాంచి నుంచి ఆటోలో పావుగంట. అక్కడికెళ్లి కంప్లయింట్ ఇవ్వండి మాస్టారూ అనే మాట గొంతుదాకా వచ్చింది. ఇస్తే ఫారంలో నా చేతిరాత బయటపడుతుంది. మింగేశాను. ఆయన స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుని "సరేనమ్మా" అని లేచారు. మళ్లీ మా బ్రాంచికి రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఖాతా వేరే చోటికి మార్పించుకున్నారు.

ఆ క్వార్టర్‌లో నేను చేసిన బిజినెస్‌కు ఒక గోడగడియారం ఇచ్చారు. నువ్వు ఎండాకాలం సెలవులకు వచ్చి మా హాల్లో టైం చూడ్డం నేర్చుకున్నావే, అదే. చిన్న ముల్లు, పెద్ద ముల్లు అంటూ నీకు చూపిస్తున్నప్పుడు కూడా నాకు ఆ స్లిప్పే గుర్తొచ్చేది.

ఇప్పుడు ఫారాలు పోయి ఓటీపీలు వచ్చాయి, అంతే తేడా. ఎదుటివాళ్ల ఫోన్ నీ చేతిలోకి తీసుకుని ఓకే నొక్కకు. ఎంత పెద్దవాళ్లయినా, ఎంత టైం పట్టినా, వాళ్లే చదివి వాళ్లే నొక్కాలి. సెబీ అడ్వైజర్ దారి నాకు నచ్చేది ఇందుకే. ఫీజు తీసుకున్న క్లయింటు దగ్గర మళ్లీ కమిషన్ తినడానికి వీల్లేదు. సంపాదన మెల్లగా ఉంటుంది. మొదటి రెండేళ్లు నువ్వు ఏడుస్తావు, నాకు తెలుసు. ఏడుపొస్తే నాకు ఫోన్ చెయ్యి, నాన్నకు చెయ్యకు, వాడికి బీపీ.

ఇంకొకటి. హైదరాబాద్‌లో నీ దగ్గరికొచ్చేవాళ్లు మ్యూచువల్ ఫండ్ గురించి అడగరు. షాద్‌నగర్ దగ్గర ప్లాటు కొనమంటారా, చిట్టీ ఇప్పుడే పాడుకోమంటారా అని అడుగుతారు. ఎంత పాట పోతే ఎంత వడ్డీ పడినట్టో కాగితం మీద వెయ్యడం నేర్చుకో. మీ నానమ్మ క్యాలెండర్ అంచున బొగ్గుముక్కతో వేసేది ఆ లెక్క, ఏ పీజీ లేకుండా. ఆవిడ ఉండి ఉంటే నీ ఫీజు ఎంతో విని బుగ్గలు నొక్కుకునేది, ఆ వెంటనే గాజు తీసి చేతిలో పెట్టేది.

ఆదివారం రా. నీ మొదటి క్లయింటుని నేనే, నా ఫైళ్లన్నీ బయట పెడతాను, తిట్టకుండా చూడు. పెసరట్లు వేస్తాను. లోన్ కాగితాలు కూడా పట్టుకురా. బ్యాంకు వాళ్లు మీ నాన్నను కో-బారోయర్‌గా, అంటే నీతోపాటు అప్పుకు బాధ్యుడిగా, సంతకం పెట్టమంటారు. అన్ని పేజీలూ నేను చదివేదాకా పెన్ను ముట్టుకోవద్దని వాడితో చెప్పు.

మీ అత్త