కొవ్వంతా తీసేస్తే కూరకు వాసన రాదా?
గుంటూరులో కొన్న పెద్ద మాంసం కొవ్వంతా కోసేసి కుక్కర్లో పెడితే వాసనే రాలేదన్నారు కదా అన్నయ్యా, కొట్టువాడిని తిట్టకండి. ఏ మాంసానికైనా దాని సొంత వాసన ఎక్కువగా కొవ్వు నుంచే వస్తుంది. వేడికి అందులోని ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలు విరిగి ఆల్డిహైడ్లు పుడతాయి, ముక్కుకు తగిలేది అవే. కండలో కలిసిపోయిన ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు మీ కత్తికి అందవు కాబట్టి కొంత వాసన ఎలాగూ ఉంటుంది.

అసలు చిక్కు నీళ్లతో. కుక్కర్లో వేడి 120 డిగ్రీలు దాటదు, వేపుడు వాసన బాగా రావాలంటే 140 దాకా కావాలి. ఈసారి కాస్త కొవ్వు ఉంచి, ముక్కల తడి తుడిచి, ఆ కొవ్వులోనే ఎర్రగా వేయించాక కుక్కర్ పెట్టండి. గరం మసాలా సగం చాలు, మన చేతికొచ్చినంత వేస్తే లవంగం వాసనే మిగులుతుంది!