బీఎఫ్‌ఎస్సీ సీటు వస్తుందంటే సంతోషమే, కానీ ఆ పదాలు చూసి అమ్మాయి భయపడుతోంది!

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో ఎంబీబీఎస్ వచ్చే మార్కులు రాలేదు. ఎప్‌సెట్ ర్యాంకుతో బీఎఫ్‌ఎస్సీ, అంటే చేపల పెంపకం మీద ఉండే ఫిషరీ సైన్స్ డిగ్రీలో, సీటు రావచ్చంటున్నారు. ఎవరి దగ్గరో పుస్తకం తెచ్చుకుని ఓపర్కులమ్, ఒటోలిత్, ఎఫ్‌సీఆర్ అని చదువుతూ ఒకటే టెన్షన్ పడుతోంది. చుట్టాలేమో చేపలు పట్టడానికి కూడా డిగ్రీనా అని నవ్వుతున్నారు. చేర్పించమంటారా?

జవాబు: అమ్మా, నవ్వే చుట్టాల్ని నవ్వనివ్వండి, వాళ్లు ఫీజు కట్టరు. పదాల భయం మాత్రం ఒక్క ఆదివారంతో పోయేదే. అమ్మాయిని చేపల మార్కెట్‌కు తీసుకెళ్లండి. చేప తాజాదో కాదో తెలియాలని మీరు తలపక్కన మూత ఎత్తి లోపల ఎర్రగా ఉందా లేదా చూస్తారు కదా, ఆ మూత పేరే ఓపర్కులమ్. లోపల దువ్వెన పళ్లలా కనిపించే ఎర్రటివి మొప్పలు, నీళ్లలోని ఆక్సిజన్ రక్తంలోకి చేరేది అక్కడే. చేప చచ్చి గంటలు గడిచేకొద్దీ ఆ ఎరుపు గోధుమరంగులోకి తిరుగుతుంది. అంటే మొదటి పాఠం మీ ఇంట్లో ఎప్పుడో అయిపోయింది.

అలాగే ఒక బొచ్చెను, ఒక రోహును, ఒక మోసును పక్కపక్కన పెట్టించి నోళ్లు చూడమనండి. బొచ్చె, అదే కట్ల, నోరు పైకి తిరిగి ఉంటుంది. మొప్పల లోపలివైపు సన్నటి ముళ్ల వరుసలుంటాయి, వాటిని గిల్ రేకర్స్ అంటారు. కట్లకు అవి దట్టంగా ఉంటాయి కాబట్టి నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకుని తింటుంది. రోహు మధ్యనీళ్లలో తింటుంది, దాని పెదవి అంచు కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. మోసు, అంటే మృగాల, నోరు కిందికి ఉంటుంది కాబట్టి అడుగున మేస్తుంది. ఒకే చెరువులో మూడూ వేస్తే తిండి కోసం కొట్టుకోవు, పుస్తకంలో ‘మిశ్రమ పెంపకం’ అనే అధ్యాయం మొత్తం ఈ మూడు నోళ్ల మీదే నిలబడి ఉంది. (అయితే కొల్లేరు వైపు వెళ్లి చూస్తే ఎక్కువగా రోహే కనిపిస్తుంది, తోడుగా కొంత కట్ల, మోసు చాలామంది వెయ్యరు. పుస్తకానికీ చెరువుకూ ఆ మాత్రం తేడా ఉంటుంది, ఇప్పుడే తెలిస్తే మంచిది.)

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప, దాన్నీ చూపించండి. టబ్బులో కాసిన్ని నీళ్లున్నా బతికే ఉంటుందే, కారణం తలలో మొప్పలకు పైన గాలి పీల్చుకునే ఏర్పాటు విడిగా ఉండటం. పైకొచ్చి గాలి తీసుకోనివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది! ఇది విన్నాక అమ్మాయి ‘అవునా’ అని దగ్గరికి వంగి చూసిందంటే నాకు సగం జవాబు దొరికినట్టే.

ఒటోలిత్ అంటే చేప చెవి భాగంలో ఉండే చిన్న రాయి. దాన్ని కోసి చూస్తే వలయాలు కనిపిస్తాయి, వాటితో వయసు లెక్కగడతారు. వయసు తెలిస్తే ఏం లాభమంటే, వలలో పడుతున్నవి ఒక్కసారైనా గుడ్లు పెట్టాయా, పెట్టకముందే పట్టేస్తున్నామా అన్నది తేలుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లతో వేట ఆపేది కూడా గుడ్లు పెట్టే చేపల్ని కాపాడటానికే.

ఇక మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. కట్ల, రోహు లాంటివి నిలవ నీటిలో వాటంతటవి గుడ్లు పెట్టవు, అందుకే ఒకప్పుడు పిల్లల్ని నదుల్లో ఏరుకొచ్చేవాళ్లు. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో శాస్త్రవేత్తలు హీరాలాల్ చౌధురి, అలీకున్హి ఈ గ్రంథి నుంచి తీసిన రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చెరువు చేపలతో గుడ్లు పెట్టించారు. ఏటా జూలై 10న జాతీయ మత్స్య రైతుల దినోత్సవం చేసేది అందుకే. ఇప్పుడు హేచరీల్లో తయారీ హార్మోన్లే వాడుతున్నారు, సూత్రం అదే.

చెరువుగట్టు మీద వినిపించే మాటలు ఇంకా తేలిక. గుడ్డు నుంచి అప్పుడే వచ్చింది స్పాన్, కాస్త ఎదిగితే ఫ్రై, వేలంత అయితే ఫింగర్లింగ్. ఎఫ్‌సీఆర్ అంటే కిలో బరువు పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో ఆ లెక్క, 1,500 కిలోల మేత వేస్తే చేపలు 1,000 కిలోల బరువు పెరిగితే 1.5 అన్నమాట. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి ఈ అంకె ఒక పాయింటు అటూ ఇటూ అయినా రైతుకు నిద్ర పట్టదు. రొయ్యల దగ్గర ‘కౌంట్’ అంటే కిలోకు ఎన్ని తూగుతాయో అది. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది, కొత్తగా చేరినవాళ్లు దీన్ని తిరగేసి చెబుతుంటారు.

డీఓ అనే మాట దగ్గర మాత్రం ఆగాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్ అది, లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే నిశ్చింత. పగలంతా నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు తిరిగి వాడుకుంటుంది, అందుకని తెల్లారుజామున అట్టడుగుకు పడిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రైతు ఫోన్ చేసేది ఆ వేళకే. ఈ ఉద్యోగం అదే అమ్మా. అమ్మాయి భయపడాల్సింది లాటిన్ పేర్లకు కాదు, నాలుగింటికి గట్టు మీద బురదలో నిలబడగలదా, నీచు వాసన పడుతుందా అన్నది చూసుకోవాలి.

కాలేజీల సంగతి: తెలంగాణలో వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉంది, ఆంధ్రలో నెల్లూరు దగ్గర ముత్తుకూరు పాతది. నాలుగేళ్ల కోర్సు. మామూలు డిగ్రీ కాలేజీల్లో ఫిషరీస్ ఒక సబ్జెక్టుగా ఉండే బీఎస్సీ వేరు, బీఎఫ్‌ఎస్సీ వేరు, ఉద్యోగ ప్రకటనల్లో ఏది అడిగారో చూసుకోకపోతే తర్వాత ఏడవాలి. ప్రైవేటులో ఎక్కడైనా చేరేట్టయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా అని అడిగి, కాగితం చూడండి.

ఉద్యోగాలున్నాయా అంటే ఉన్నాయి, కాకపోతే చాలావరకు భీమవరం, కాకినాడ, నెల్లూరు వైపే. మేత కంపెనీలు, హేచరీలు, రొయ్యల జబ్బులు పరీక్షించే ల్యాబులు, ప్రాసెసింగ్ ప్లాంట్లు. మేత కంపెనీ ఫీల్డ్ ఉద్యోగమంటే రోజంతా బండి మీద చెరువులు తిరగడమే. ఎఫ్‌డీఓ (మత్స్యశాఖ అభివృద్ధి అధికారి) లాంటి ప్రభుత్వ పోస్టులు ఏటా పడవు, వాటినొక్కటే నమ్ముకోవద్దు. బ్యాంకుల అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులకు ఫిషరీ సైన్స్ డిగ్రీ పనికొస్తుంది, ఇది చాలామందికి తెలియదు. పీజీకి ఐసీఏఆర్ పరీక్ష రాసి ముంబైలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈ దాకా వెళ్లొచ్చు.

ఒక మాట కటువుగా చెప్తాను, ఏమనుకోకండి. ఇందులో చేరి, పక్కన నీట్ లాంగ్‌టర్మ్ పుస్తకాలు పెట్టుకుని కూర్చునే ఉద్దేశం ఉంటే వద్దు, రెండూ పోతాయి.

మీ జిల్లాలోనే పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది. ఆప్షన్లు పెట్టేలోపు అనుమతి అడిగి అమ్మాయిని ఒక పూట తీసుకెళ్లండి, కుదిరితే వల లాగే రోజున. తిరిగొచ్చేటప్పుడు దారంతా ప్రశ్నలు అడిగితే బీఎఫ్‌ఎస్సీ మొదటి ఆప్షన్‌గా పెట్టండి, ముక్కు మూసుకునే ఉంటే అగ్రికల్చర్, హార్టికల్చర్ ఎలాగూ అదే ర్యాంకుతో ఉన్నాయి.