గుండె మర్దనా, ఛాతీ నొక్కడమా?

సందేహం: నర్సింగ్ విద్యార్థుల కోసం అత్యవసర చికిత్స పాఠం తెలుగులో రాస్తున్నాం. అందులో "గుండెపోటుతో పడిపోయినవారికి గుండె మర్ధన చేయాలి" అనే వాక్యం ఉంది. 'మర్ధన' సరైనదేనా?

సమాధానం: కాదు, 'మర్దన' అనాలి. మహిషాసురమర్దినిలో ఉన్నదీ ఈ ఒత్తు లేని 'ద' అనే అల్పప్రాణమే. అయితే అక్షరం దిద్దినంత మాత్రాన వాక్యం బాగుపడదు. సంస్కృతంలో ఈ మాటకు నలపడం, అణచడం అనే అర్థాలున్నా, ఇవాళ తెలుగువాడికి మర్దన అంటే నూనె రాసి రుద్దడమే. రుద్దితే ఆగిన గుండె నుంచి రక్తం కదలదు.

ఈ మాట శస్త్రచికిత్స గదిలోంచి వచ్చింది. ఒకప్పుడు గుండె ఆగితే సర్జన్ ఛాతీ కోసి, గుండెను చేత్తో పట్టుకుని పిండేవాడు. 1901లో నార్వేలో ఇగెల్స్‌రూడ్ ఒక రోగిని అలాగే బతికించాడు. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో సర్జన్ క్లాడ్ బెక్ కూడా ఒక బాలుడి ఛాతీ తెరిచే గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చాడు. తర్వాత అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కుక్కల మీద ప్రయోగాలు చేస్తుండగా, షాక్ ఇచ్చే ఎలక్ట్రోడ్లను ఛాతీకి గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపోటు పెరగడం నికర్‌బాకర్ అనే పరిశోధకుడు గమనించాడు. ఇంజినీర్ కౌవెన్‌హోవెన్, సర్జన్ జూడ్‌లతో కలిసి 1960లో ఆయన ప్రచురించిన వ్యాసం కోత అక్కర్లేదని చూపింది. కోత పోయింది కానీ 'మసాజ్' అన్న పాత పేరు ఆ వ్యాసం శీర్షికలోనే ఉండిపోయింది. మన మర్దన దాని నకలు.

'ఒత్తడం' కూడా వద్దు, అది కాళ్లు పట్టడాన్ని గుర్తుచేస్తుంది. 'అదమడం'లో వదలడం లేదు. నొక్కిన ఛాతీ పూర్తిగా పైకి లేస్తేనే గుండె మళ్లీ రక్తంతో నిండుతుంది. నొక్కుకూ నొక్కుకూ మధ్య కూడా చేతుల మీద బరువు వేసి వాలిపోవడం శిక్షణలో తరచూ కనిపించే తప్పు. అందుకే 'నొక్కి వదలడం' అని రాయండి. 'ఉరోస్థి' కన్నా 'రొమ్ము ఎముక' అంటే విన్న వెంటనే చెయ్యి సరైన చోటికి వెళ్తుంది.

ఇక గుండెపోటు. తలపోటు, పంటిపోటులలో లాగే ఇక్కడా పోటు అంటే నొప్పి. గుండెపోటు వచ్చినవాళ్లు చాలామంది స్పృహలోనే ఉంటారు, మాట్లాడతారు. వాళ్ల ఛాతీ నొక్కకూడదు. నొక్కాల్సింది గుండె ఆగినవారికి. పిలిస్తే పలకరు, ఊపిరి ఉండదు, లేదా ఎగశ్వాస (ఆగి ఆగి, ఎగబీల్చినట్టు వచ్చే ఊపిరి) మాత్రమే ఉంటుంది. ఈ చివరిదాన్ని మామూలు ఊపిరి అనుకుని విద్యార్థులు ఆగిపోతుంటారు కాబట్టి, పాఠంలో 'ఎగశ్వాస' అన్న మాట తప్పక ఉండాలి.

పెద్దల విషయంలో మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: "పలకక, మామూలుగా ఊపిరి తీయక పడి ఉన్నవారిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద అరచేతి మడమ (మణికట్టు పక్కనున్న గట్టి భాగం) ఆనించి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100–120 సార్లు నొక్కి పూర్తిగా వదలాలి. 30 సార్లకు 2 శ్వాసలు ఇవ్వాలి. అలసటతో లోతు తగ్గకముందే, 2 నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి."