సబ్సిడీ కోసం నా పేరు వాడుకుంటామంటున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లా, రిజర్వాయర్ పక్క ఊరు. మా ఆయన మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. నాకు సభ్యత్వం లేదు కానీ ఒడ్డున కాంటా, అమ్మకం అంతా నేనే చూసుకుంటా. కేజ్‌లలో (నీళ్లలో తేలే వల పంజరాల్లో) చేపల పెంపకానికి ఆడవాళ్లకైతే సబ్సిడీ ఎక్కువని నా పేరుతో దరఖాస్తు చేస్తున్నారు. బ్యాంకు కాగితాల మీద, రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం అడుగుతున్నారు. పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ చెక్కులు పక్కన పెట్టండమ్మా. ఖాళీ చెక్కు మీద మాత్రం సంతకం వద్దు, అడిగేది ఇంట్లోవాళ్లే అయినా సరే. "అంకె నేను వేయలేదు" అని తర్వాత చెప్పినా లాభం లేదు. ఇష్టపడి సంతకం చేసి ఇచ్చిన చెక్కులో వివరాలు ఇంకొకరు నింపినా అది చెల్లుతుందని, బాకీ లేదని చూపించుకోవాల్సింది సంతకం పెట్టినవాళ్లేనని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ (చెక్కుల) చట్టం 138 సెక్షన్, రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

ఇక సబ్సిడీ. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 60 శాతం, మిగతావాళ్లకు 40. కేజ్ ఒకటి 3 లక్షలనుకుంటే మీ పేరు మీద 1.80 లక్షలు, మీ ఆయన పేరు మీద 1.20 లక్షలు వస్తాయి. అంటే ఒక్కో కేజ్‌కి మీ పేరు ఖరీదు 60 వేలు! బాగానే ఉంది కానీ, మిగతా 1.20 లక్షలకు లోన్ తీసుకుంటే అదీ మీ పేరు మీదే, ఎండాకాలం నీళ్లు దిగిపోయి చేపలు చచ్చినా కిస్తీ కట్టాల్సింది మీరే, సిబిల్ (అప్పు చరిత్ర స్కోరు) పాడయ్యేదీ మీదే. కాబట్టి దాణా బిల్లు ఎవరి పేరు మీద, చేపలమ్మిన డబ్బు ఏ అకౌంట్లో పడుతుంది, ఆ అకౌంట్ నడిపేది ఎవరు అని ముందే అడగండి. అకౌంట్ మీది, ఏటీఎం కార్డు ఇంకొకరి జేబులో అంటే ఒప్పుకోకండి.

అసలు చిక్కు నీళ్ల దగ్గరుంది. కేజ్ మీదే అయినా, రిజర్వాయర్లో దాన్ని దించే అనుమతి సంఘం పేరు మీదుంటే, సభ్యురాలు కాని మీ మాట అక్కడ ఎవరు వింటారు? అందుకే ముందు సభ్యత్వానికి దరఖాస్తు పెట్టండి. 1964 నాటి సహకార సంఘాల చట్టం ఆడవాళ్లు చేరకూడదని ఎక్కడా అనలేదు. వయసు, ఊరు, వృత్తి, నైపుణ్య పరీక్ష లాంటి షరతులు ఉండొచ్చు, ఆ పరీక్షలో వల అల్లమంటే మీకు భయమేముంది, ఈత వస్తే ఇంకా మంచిది. "ఇంటికొక్కరే, మీ ఆయన ఉన్నాడుగా" అంటే ఆ మాట బైలాలో (సంఘం నియమావళిలో) చూపించమనండి.

దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. తీసుకోనంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కాదన్నా, ఉలుకూ పలుకూ లేకున్నా సివిల్ కోర్టుకు పరిగెత్తకండి, ఇలాంటివాటికి ఆ సహకార చట్టం 121 సెక్షన్ అడ్డొస్తుంది. రిజిస్ట్రార్ అధికారాలున్న మత్స్యశాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. బైలా, సభ్యుల జాబితా, కేజ్‌ల అనుమతి ఎవరి పేరున ఉందో తెలిపే కాగితం కావాలని పది రూపాయల ఫీజుతో జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే రోజు పడేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అది చేతికొచ్చాకే బ్యాంకు కాగితాల సంగతి.