ఉసిళ్ళు మాడిపోకుండా, వాసన రాకుండా వేయించడం ఎలా?

తొలకరికి పుట్టల్లోంచి లేచే ఉసిళ్ళను, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులను, వేయిస్తే ఒకసారి మాడిపోతున్నాయనీ, ఇంకోసారి మెత్తబడి మర్నాటికే వాసన వస్తున్నాయనీ రాశారు. వీటిని ఇంట్లో పెంచుకోవచ్చా అని కూడా అడిగారు. మొదటి రెండు సమస్యలకూ కారణం ఒకటే. తడి పోకముందే పొయ్యి మీద పెడుతున్నారు. ఉసిలి ఒంట్లో కొవ్వు ఎక్కువ. నీళ్ళతో పాటు మూకుట్లో పడితే ముందు ఉడుకుతుంది, తర్వాత పైపైన మాడుతుంది, లోపల పచ్చిగానే మిగులుతుంది. ఆ పచ్చే మర్నాటి వాసన.

పట్టేటప్పుడే జాగ్రత్త మొదలవ్వాలి. వాన వెలిసి, గాలి పడిపోయి, ఉక్కగా ఉన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళ చాలా రకాలు లేస్తాయి. కొన్ని తెల్లవారుజామున లేస్తాయి. పుట్ట మీదా పక్క నేల మీదా సన్నటి చీలికలు తెరుచుకుని, వాటి అంచున రెక్కల్లేని చెదలు తిరుగుతుంటే ఇంకాసేపట్లో లేస్తాయన్నమాట. వెడల్పాటి బేసిన్‌లో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, జానెడు ఎత్తున బల్బు వేలాడదీసి, చుట్టుపక్కల లైట్లన్నీ ఆర్పేయండి. నీళ్ళలో పడ్డవాటిని ఎప్పటికప్పుడు జల్లెడతో తోడేయాలి. రాత్రంతా నాననిస్తే పొద్దున్నకి పారేయాల్సిందే. పుట్ట దగ్గరే పట్టాలనుకుంటే పక్కన కుండ పాతి, చీలికల మీద కొమ్మలూ గుడ్డా కప్పి, కుండవైపు మాత్రం సందు వదిలి అక్కడ దీపం పెడతారు. వెలుతురుకి పాకుతూ వచ్చి కుండలో పడతాయి. పుట్టలో పాములుంటాయి, ఉసిళ్ళకోసం తేళ్ళూ కప్పలూ చేరతాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

చెదల మందు కొట్టించిన ఇంటి చుట్టూ, పురుగుమందు చల్లిన చేను పక్క వీధిలైటు కింద ఏరకండి. నేల మీద చచ్చి పడున్నవీ వద్దు. మందు పోవడానికి వేయింపు చాలదు.

ఇక వేయింపు. నీళ్ళు ఓడ్చి, పొడి నూలుగుడ్డ మీద పల్చగా పరిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వండి. సగం రెక్కలు అక్కడే రాలిపోతాయి. అడుగు మందమైన మూకుడు తీసుకోండి, నూనె అసలొద్దు. ఒక్కో వాయికి రెండు గుప్పిళ్ళే వేయండి. ఎక్కువ పోస్తే ఆవిరి బయటకి పోక మళ్ళీ ఉడుకుతాయి. మధ్యస్థంగా మంట పెట్టి రెండు మూడు నిమిషాలు కలుపుతుంటే మిగిలిన రెక్కలు పెళుసెక్కుతాయి. దించి, చల్లారాక చేటలో పోసి అరచేతులతో నలిపి చెరగండి. రెక్కలు ఎగిరిపోతాయి. మట్టిబెడ్డలు మాత్రం చేత్తో ఏరాల్సిందే. ఈ పని తొందరగా ముగిస్తే తినేటప్పుడు ఇసుక కరకరలాడుతుంది.

రెండో వేయింపు సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాలు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. గింజల్లా గలగలమనే చప్పుడు, వేరుశనగలు వేగిన వాసన వచ్చాక ఒకటి తీసి వేళ్ళ మధ్య నొక్కండి. పుటుక్కున విరగాలి. మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టే. విరిగిన వెంటనే వేరే పళ్ళెంలోకి మార్చండి. పొయ్యి ఆపినా మూకుడి వేడికే, ఒంట్లోని కొవ్వు కాగి నిమిషంలో చేదెక్కుతాయి. ఉప్పు ముందే వేస్తే తేమ పట్టి మెత్తబడతాయి. అందుకే ఉప్పూ కారమూ దించాకే.

ఒక కప్పు ఉసిళ్ళకి రెండు కప్పుల వేయించిన బియ్యం గానీ బొరుగులు గానీ కలపండి. ఇది రుచికే కాదు, కొవ్వుకి విరుగుడు కూడా. ఉత్తవే గుప్పిళ్ళకొద్దీ తింటే వికారం, విరేచనాలు. పిల్లలకి ఇంకా తక్కువ పెట్టాలి. రొయ్యలు పడనివాళ్ళు వీటి జోలికి వెళ్ళొద్దు. రొయ్యలోనూ పురుగులోనూ దద్దుర్లు తెప్పించే మాంసకృత్తు దాదాపు ఒకటే.

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పోయండి. వారంలోపు తినేయడం మంచిది. పాత నూనె వాసన వస్తే మళ్ళీ వేయించినా బాగుపడవు.

పెంపకం మాట మర్చిపోండి. మన పుట్టల్లోని చెదలు ఎక్కువగా లోపల బూజుతోట వేసుకుని బతికేవి. పుట్ట మీద మొలిచే పుట్టకొక్కులు ఆ తోటవే. ఒక జంట గూడు కట్టి, అది పెద్దదై ఉసిళ్ళను వదలడానికి ఏళ్ళు పడుతుంది. వదిలినా ఏటా ఆ నాలుగు వానలకే. పెంచాలనే ఉంటే థాయ్‌లాండ్‌లో చేసే కీచురాళ్ళ పెంపకం చూడండి. సిమెంటు తొట్టెల్లో కోడిగుడ్ల అట్టలు నిలబెట్టి, దాణా వేసి, సుమారు 45 రోజులకి పట్టేస్తారు.

ఎగిరిన ఉసిళ్ళలో ఎక్కువ భాగం ఎలాగూ కాకులకీ బల్లులకీ పోయేవే, కాబట్టి వాటిని పట్టినందువల్ల పుట్టకి నష్టం లేదు. రాణి చెద కోసం పుట్టని తవ్వితే మాత్రం వచ్చే ఏడాది అక్కడ ఉసిళ్ళూ ఉండవు, కొక్కులూ ఉండవు.