కొచ్చిలో ప్రైవేటు యాట్: బోటు ఫొటోల కంటే ముందు జెట్టీ చూసుకోండి

మీరు కావలి నుంచి నాన్నగారి రిటైర్మెంట్‌కి పన్నెండు మంది కలిసి కొచ్చి వెళ్తున్నామని, అక్కడ హార్బర్‌లో రెండు గంటలకు ప్రైవేటు యాట్ మాట్లాడుకోవాలని రాశారు. ఎంతవుతుంది, ఎలాంటి బోటు తీసుకోవాలి, బోటులో కేకు కోయొచ్చా అని కదా మీ ప్రశ్న. మాది ఒంగోలు. నిరుడు సంక్రాంతి అయిన వారానికి మా అమ్మానాన్నల్ని ఇలాగే తీసుకెళ్లాం. పిల్లలతో కలిపి పదకొండు మందిమి, శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లాం.

డబ్బు సంగతి ముందు చెప్పేస్తాను. మాకు రెండు గంటలకు 14 వేలయింది, తిండి కాకుండా. అదే బోటు ఆదివారమైతే ఇంకాస్త ఎక్కువన్నారు. యాట్ అనగానే తెరచాప ఊహించుకోకండి, మాకు దొరికింది ఇంజిన్ బోటే. కింద ఏసీ గది, బాత్రూము, పైన కూర్చోడానికి సోఫాలు. బాత్రూము ఉందో లేదో తప్పకుండా అడగండి. షుగరున్న పెద్దవాళ్లు ఉంటే రెండు గంటలు చాలా ఎక్కువ.

మేం మొదట మాట్లాడుకున్న బోటు ఇది కాదు. ఫొటోల్లో అదిరిపోయే బోటొకటి చూసి 3 వేలు అడ్వాన్సు పంపేశాను. తర్వాత చూస్తే పది మంది కెపాసిటీ అని ఉంది. మేం పదకొండు మందిమి అంటే, ‘చిన్నపిల్లలు లెక్కలోకి రారు సార్, పదిహేను మందిని కూడా ఎక్కించాం’ అన్నాడు ఆ బోటతను ఫోనులో. అక్కడితో నాకు మనసు విరిగింది. ఒంగోలు వాళ్లకు ఆ మాట వేరేగా వినిపిస్తుంది. 2017 నవంబర్ 12, కార్తీక మాసం, ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోతే, అందులో ఎక్కువ మంది మా ఊరివాళ్లే. మా నాన్నకు ముఖపరిచయం ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆ పడవకు అనుమతి లేదు, ఎక్కినవాళ్లకు లైఫ్ జాకెట్లూ ఇవ్వలేదు. అందుకే ఆ 3 వేలు పోతే పోయాయనుకుని వేరే బోటు వెతుక్కున్నాను.

రెండోసారి ఫొటోలు అడగలేదు, కాగితాలు అడిగాను. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్ (బోటును తనిఖీ చేసి ఇచ్చే కాగితం), ఇన్సూరెన్స్. ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం 2021లో కొత్తగా వచ్చింది, దాని ప్రకారం ఇవి ఉండాల్సినవే, మనం అడిగితే తప్పేమీ కాదు. వాట్సాప్‌లో పంపితే తేదీలు చూసుకోండి. అక్కడికి వెళ్లాక బోటు మీద రాసిన నంబరూ, కాగితంలో నంబరూ ఒకటేనా చూడండి. మనకు చూపించింది ఒక బోటు, ఆ రోజు తెచ్చి పెట్టేది ఇంకో బోటు కాకూడదు కదా. లైఫ్ జాకెట్లలో పిల్లల సైజువి వేరేగా ఉన్నాయా అని కూడా అడగండి. పెద్దవాళ్లది ఐదేళ్ల పిల్లకు వేస్తే నీళ్లలో పైనుంచి జారిపోతుంది.

ఇక అసలు సంగతి, బోటు ఎక్కే జెట్టీ. దీని గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. మా అమ్మకు రెండు మోకాళ్లూ నొప్పులే. మేం వెళ్లేసరికి నీళ్లు బాగా దిగి ఉన్నాయి. జెట్టీ సిమెంటు గట్టు పైన, బోటు అంచు దాదాపు రెండడుగులు కింద. మధ్యలో పాత టైర్లు వేలాడుతున్నాయి. కెరటం వచ్చినప్పుడల్లా బోటు ఒక జానెడు దగ్గరికి వచ్చి, మళ్లీ దూరం జరుగుతోంది. కుర్రాడు మోకు లాగి పట్టుకుని ‘కమ్ కమ్’ అంటున్నాడు. అమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, ఆ సందులోకే చూస్తూ నిలబడిపోయింది. ‘ఒరే అబ్బాయ్, నేనీడే కూర్చుంటా, మీరు పోయి రండి’ అంది. చివరికి కుర్చీ తెప్పించి బోటులో మెట్టులా వేసి, మా బావమరిది కిందా నేను పైనా పట్టుకుని దింపాం. ఆ పావుగంట నాకు చెమటలు పట్టాయి.

కాబట్టి బుక్ చేసేటప్పుడే అడగండి: ఎక్కేది నీళ్ల మీద తేలే పాంటూన్ నుంచా, సిమెంటు జెట్టీ నుంచా? పాంటూన్ అయితే ఆటుపోట్లతో పాటు అదీ లేస్తుంది, దిగుతుంది, బోటుకూ దానికీ తేడా పెద్దగా రాదు. బోల్గట్టీ దీవి దగ్గరున్న మరీనాలో, అంటే ప్రైవేటు బోట్లు కట్టేసే రేవులో, అలాంటివే ఉన్నాయి. సందేహం ఉంటే ముందు రోజు పెద్దవాళ్లను వాటర్ మెట్రో, అంటే ఊళ్లో తిరిగే టికెట్ బోటు, ఎక్కించండి. 2023లో మొదలైంది. టికెట్ చవక, బోటు లోపలికి నేల మీద నడిచినట్టే నడిచి వెళ్లిపోవచ్చు. అమ్మకు అది తెగ నచ్చింది. ‘ముందే ఇది చూపించి ఉంటే ఆ బోటుకు అంత డబ్బు ఎందుకురా’ అని నన్ను తిట్టింది కూడా.

ఏ నెలలో అనేది మీరు రాయలేదు. మనకు అలవాటైన లెక్క అక్కడ పనికిరాదు. మనకు తుఫాను భయం అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. వాళ్లకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి వానలు, సముద్రం కూడా అప్పుడే పొంగుతుంది. మన తీరంలో చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉంటే, పశ్చిమ తీరంలో అది జూన్, జూలైల్లో. జూన్‌లో స్కూళ్లు తెరిచేలోపు వెళ్లొద్దామనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

సాయంత్రం 4:30కి ఎక్కండి. మేం ట్రాఫిక్‌లో ఇరుక్కుని 5:20కి ఎక్కాం, ఫోర్ట్ కొచ్చి చేరేసరికి చేపలు పట్టే పెద్ద చీనా వలలు నల్లగా నీడల్లా కనిపించాయి. పగటి వెలుగు ఉంటే బోల్గట్టీలో డచ్చివాళ్లు 1744లో కట్టిన ప్యాలెస్, వల్లార్‌పాడం రేవులో కంటైనర్ క్రేన్లు, విల్లింగ్‌డన్ దీవి బాగా కనిపిస్తాయి. ఆ దీవి హార్బర్ లోతు చేయడానికి తవ్విన మట్టితో తయారైందట, బ్రిస్టో అనే ఇంజినీరు చేయించిన పని. మా బోటు కెప్టెన్ ఇది చెప్తుంటే, సోషల్ మాస్టారుగా రిటైరైన మా నాన్న ఊరుకుంటాడా! మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం గురించి ఎత్తుకున్నాడు. ఓడ మునిగితే సరుకంతా రాజుదే అనే పద్ధతి తీసేసి, పరదేశి వర్తకుల దగ్గర సుంకం మాత్రమే తీసుకుంటామని రాయించాడని. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయిందిగానీ నాన్న లెక్కలో ఇంకా ప్రకాశమే. కెప్టెన్‌కు తెలుగు రాదు, అయినా తల ఊపుతూ విన్నాడు పాపం. నౌకాదళం స్థావరం పక్కగా వెళ్లేటప్పుడు మాత్రం ఫోన్లు కిందికి దించమన్నాడు. మీ పిల్లలెవరైనా డ్రోన్ తెస్తామంటే ఇంట్లోనే పెట్టించండి.

హార్బర్ లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. ‘కొంచెం సముద్రంలోకి తీసుకెళ్లమంటారా’ అని అడుగుతారు. ఫోర్ట్ కొచ్చికీ వైపిన్ దీవికీ మధ్య హార్బర్ మూతి దాటగానే ఊపు మొదలవుతుంది. మేం సరేనన్నాం. పది నిమిషాల్లో మా బావమరిది, అమ్మను అంత ధైర్యంగా దింపినవాడు, అంచు పట్టుకుని వాంతులు. వాంతుల మాత్ర వేసుకునేదుంటే అరగంట ముందే వేసుకోవాలి. కానీ సూర్యుడు నీళ్లలోకి దిగడం అక్కడే చూశాం. అమ్మ పుట్టింది కొత్తపట్నంలో, సముద్రంలోంచి సూర్యుడు రావడం తప్ప పోవడం ఎన్నడూ చూడలేదు. ‘ఇదేందిరా తిరగబడింది’ అంది.

తిండి వాళ్లకు చెప్తే ఇస్తారు. కొబ్బరి నూనెలో వేయించిన చేపలు మా పిల్లలు తిన్నారు, పెద్దవాళ్లు మాత్రం ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, గోంగూర పచ్చడితోనే కానిచ్చారు. బయటి తిండి తెచ్చుకోవచ్చా అని ముందే అడిగి పెట్టుకోండి.

కేకు కోయొచ్చు. కానీ బోటు కదలకముందే, జెట్టీకి కట్టి ఉండగానే కోసేయండి. మేం సూర్యాస్తమయం దాకా ఆగుదామని ఆగాం. గాలికి కొవ్వొత్తి ఒక్కటీ వెలగలేదు, పైన అడ్డేమీ లేని ఆ డెక్కు మీద కేకు డబ్బా మూత ఎగిరి నీళ్లలో పడింది, కేకు మా చిన్నోడి ఒళ్లోకి జారింది.