నిర్బంధ గృహాల్లోని పిల్లల మాట వినడానికి కంప్యూటర్ సర్వే పనికొస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నేరారోపణతో నిర్బంధ గృహంలో ఉంటున్న కౌమార వయసు పిల్లల అభిప్రాయాలను ఇంతకాలం కాగితం ప్రశ్నావళితో సేకరించారు, ఇప్పుడు దాని బదులు ట్యాబ్ చేతికిస్తే నిజం చెబుతారా, ఖర్చుకు తగ్గ ప్రయోజనం ఉంటుందా అని. ఇలాంటి సర్వేలు జరిపే బృందంలో నేను ఆరేళ్లు పనిచేశాను. తాము నొక్కిన జవాబు తాళంచెవుల గుత్తి పట్టుకున్న మనిషి కంట పడదని నమ్మకం కుదిరితే పిల్లలు నిజం చెబుతారు. ట్యాబ్ ఆ నమ్మకానికి కొంత సాయం చేస్తుంది, అంతవరకే.

కాగితంతో వచ్చే చిక్కు నాకు మొదటిసారి అర్థమైంది ఒక అబ్బాయి రాత చూసినప్పుడు. అంతకుముందు కుడిచేత్తో అన్నం తిన్నవాడు, బంతి విసిరినవాడు, ప్రశ్నావళి దగ్గరకు వచ్చేసరికి పెన్ను ఎడమచేతిలోకి మార్చి అక్షరాలను వంకరటింకరగా గీస్తున్నాడు. ఎందుకని అడిగితే, తల ఎత్తకుండానే "నా రాత సార్‌కి తెలుసు" అన్నాడు. పేరు రాయనక్కర్లేదని మేము నాలుగుసార్లు చెప్పినా, ఆ గృహంలో వాడి చేతిరాతే వాడి పేరు. మీట నొక్కే పద్ధతిలో ఈ భయం పూర్తిగా పోతుంది. రెండో లాభం చదువుకు సంబంధించినది. మేము కలిసిన పిల్లల్లో చాలామంది బడి మధ్యలో మానేసినవారే. ప్రశ్న చదవలేక పక్కవాడి చేత చదివించుకుంటే, జవాబు కూడా పక్కవాడికి నచ్చేదే అవుతుంది. హెడ్‌ఫోన్లలో ప్రశ్న వినిపించి, జవాబులను కూడా ఒక్కొక్కటిగా చదివి చూపిస్తే ఎవరి సాయమూ అక్కర్లేదు. ఈ పద్ధతి బలమేమిటో నిర్బంధంలో లేని పిల్లల విషయంలో చాలాకాలం కిందటే తేలింది. అమెరికాలో 15 నుంచి 19 ఏళ్ల మగపిల్లలపై జరిపిన అధ్యయనం ఒకటి 1998లో 'సైన్స్' పత్రికలో వచ్చింది; పైకి చెప్పుకోవడానికి జంకే ఒక ప్రశ్నకు కాగితం మీద 1.5 శాతం మంది అవునంటే, కంప్యూటర్ ద్వారా విని జవాబిచ్చినవారిలో 5.5 శాతం మంది అవునన్నారు.

అయితే ఈ అంకెలు చూసి గది సంగతి మరచిపోవద్దు. మేము కంప్యూటర్లతో వెళ్లిన మొదటి చోట బల్లలను తరగతిలో లాగా వరుసగా వేశారు, పర్యవేక్షణకు వచ్చిన ఉద్యోగి వెనక వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తెరలన్నీ ఆయన వైపే ఉన్నాయి. ఇరవై నిమిషాలు పట్టవలసిన ప్రశ్నావళిని పిల్లలు నాలుగు నిమిషాల్లో ముగించారు, అన్నిటికీ 'బాగుంది' అనే జవాబే వచ్చింది. ఒక్కో ప్రశ్న దగ్గర ఎన్ని సెకన్లు ఆగారో యంత్రం నమోదు చేసింది కాబట్టి మా తప్పు మాకు కనిపించింది. కాగితమైతే ఆ 'బాగుంది'లను నిజమని నమ్మి నివేదికలో రాసేసేవాళ్లం. ఆ తర్వాత నుంచి కుర్చీ వీపు గోడకు ఆనేలా, తెర గదిలో వేరెవరికీ కనబడకుండా ఉండేలా అమర్చి, సిబ్బందిని అద్దాల తలుపు అవతల నిలబడమని కోరేవాళ్లం. భద్రత దృష్ట్యా వారు పిల్లలను చూడాలనడం న్యాయమే, తెర చూడాలనడం మాత్రం కాదు. అమెరికా న్యాయ గణాంక విభాగం 2008–09లో నిర్బంధంలోని పిల్లలపై ఇదే పద్ధతిలో, అంటే తాకే తెర, హెడ్‌ఫోన్లతో జరిపిన సర్వేలో దాదాపు 12 శాతం మంది తాము లైంగిక వేధింపుకు గురయ్యామని చెప్పారు, 10.3 శాతం మంది చెప్పినది సిబ్బంది గురించే. మనిషిని వెనక కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడిగి ఉంటే ఏం వచ్చేదో ఊహించడం కష్టం కాదు. ఆ సర్వేలో ఇంకొక జాగ్రత్త తీసుకున్నారు, దాన్ని మీరూ పాటించవచ్చు: కొందరికి మత్తు పదార్థాల వాడకం, చికిత్సల గురించిన వేరే ప్రశ్నావళి ఇచ్చారు, దాంతో ఎవరు ఏ ప్రశ్నలకు జవాబిచ్చారో బయటివారికి తెలిసే వీలు లేకుండా పోయింది. 'అవును' అన్నవారికి వివరాల కోసం అదనపు ప్రశ్నలు వస్తాయి కాబట్టి, చిన్న సర్వేలో 'లేదు' అన్నవారికి కూడా అన్నే మామూలు ప్రశ్నలు చేర్చితే చాలు. లేకపోతే చివరగా లేచిన పిల్లవాడే ఫిర్యాదు చేసినవాడని అందరికీ తెలిసిపోతుంది.

ప్రశ్నల మీద మేము పెట్టిన శ్రమ తక్కువే, అందుకు తర్వాత చింతించాం. "ఇక్కడ నీకు భద్రంగా అనిపిస్తోందా?" అని రాశాం. ముందస్తు పరీక్షలో ఒక అబ్బాయి హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి పక్కకు జరిపి, "ఇక్కడ అంటే ఎక్కడ? గదిలోనా, స్నానాల గదిలోనా?" అని అడిగాడు. పెద్దల భాషలో రాసిన ప్రశ్నకు పెద్దల భాషలోనే జవాబు వస్తుందని ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఆ ప్రశ్న తీసేసి, గృహం నమూనా చిత్రాన్ని తెర మీద పెట్టి, నచ్చని చోటును వేలితో తాకమన్నాం, తర్వాత పగలా రాత్రా అని అడిగాం. కాగితం మీద ఎన్నడూ బయటపడని సంగతి అప్పుడు బయటపడింది: పగలు ఎవరూ ఏమీ అనని స్నానాల గది, రాత్రి భోజనాల తర్వాతి వేళకు నచ్చదని ఎక్కువమంది తాకిన చోటు.

అన్నిటికన్నా కష్టమైనది పేరు లేని మాటతో వచ్చే బాధ్యత. ఒకసారి ఒక పిల్లవాడు చివరి ఖాళీ పెట్టెలో తనను కొడుతున్నారని, ఎవరు కొడుతున్నారో కూడా టైపు చేశాడు. మేము ఆ మాట చదివింది వారం తర్వాత, అదీ ఎవరు రాశారో తెలియకుండా. పేరు అడిగి ఉంటే రాసేవాడు కాదు, అడగలేదు కాబట్టి సాయం చేయలేకపోయాం. ఆనాటి నుంచి ప్రశ్నలు మొదలవక ముందే హెడ్‌ఫోన్లలో స్పష్టంగా చెప్పించేవాళ్లం: ఇందులో రాసింది ఎవరు రాశారో మాకు తెలియదు, అందువల్ల నీ దగ్గరకు వచ్చి సాయం చేయలేము, సాయం కావాలంటే ఈ గదిలోనే ఉన్న ఫలానా మనిషితో ఒంటరిగా మాట్లాడవచ్చు. ఆ మనిషి గృహం ఉద్యోగి కాకూడదు. నిర్బంధంలోని పిల్లల రక్షణ కోసం 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన హవానా నియమాల్లో 73వది, తనిఖీకి వచ్చిన అధికారితో ఏకాంతంగా మాట్లాడే హక్కు ప్రతి పిల్లవాడికీ ఉండాలంటుంది; సర్వే ఆ హక్కుకు బదులు కాదు. నివేదికలో కూడా జాగ్రత్త అవసరం. ఎనిమిది మంది మాత్రమే ఉన్న విభాగంలో "పదహారేళ్లవారిలో ఒకరు" అని రాస్తే అది పేరు రాసినట్టే.

ఇక సమ్మతి. ప్రతి ప్రశ్నకూ 'చెప్పను' అనే మీట పెట్టండి, సర్వేకు రానివారి ఫోన్ సమయం, ఆట సమయం తగ్గించబోమని గృహ అధికారి చేత రాతపూర్వకంగా ఒప్పించండి.

చివరగా ఒక మాట, మీరు ఖర్చు గురించి అడిగారు కాబట్టి. ట్యాబ్‌ల ఖర్చు ఒక్కసారిది. మళ్లీ వెళ్లి ఫలితాలు చెప్పే ఖర్చును మీ లెక్కలో ముందే చేర్చుకోండి, అందరూ ఎగ్గొట్టేది అదే. మేము మూడు నెలల తర్వాత ఒక పుటలో ఫలితాలు అచ్చు వేయించి తిరిగి వెళ్లాం. స్నానాల గది తలుపుకు కొత్త గడియ బిగించారు, రాత్రి అక్కడ దీపం వెలుగుతోంది. "ఇక్కడ అంటే ఎక్కడ?" అని అడిగిన అబ్బాయి ఆ పుటను ఒకసారి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఈసారి తిండి గురించి కూడా అడుగుతారా అన్నాడు.